స్లావోనిక్ వియ్యపురాలు

మలేసియాలోని క్లాంగ్‌లో పైడయ్య ఎదుట నిలబడి "మీరు తమిళులే కదా?" అని అడిగినవాడు ఆ తర్వాత ఎక్కాల్సిన రైలు మీద ఆశ వదులుకోవలసిందే. పైడయ్య ముందు కుడిచేతి చూపుడువేలు పైకెత్తుతాడు. ఆ వేలితోనే గాలిలో ఒక పటం గీస్తాడు. ఇదిగో ఇది తమిళనాడు, దానికి పైన మా ఆంధ్ర, ఆంధ్రలో ఆ చిట్టచివర మా శ్రీకాకుళం. మా తాత అక్కణ్ణించి వచ్చి ఓడెక్కి ఈ దేశపు రబ్బరు తోటలో దిగాడు. వాళ్ళు సోరు అంటారు, మేం అన్నం అంటాం. మా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. పటం పూర్తయ్యేసరికి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. అడిగినవాడు ఇంకో ప్రశ్న వేస్తే ఇంకో రైలు పోతుందని భయపడి, "సరే అంకుల్, సరే" అంటూ వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు.

అలాగని ఆయనకు తమిళం అంటే గిట్టదని ఎవరూ అనుకోవద్దు. ఆయన ప్రాణస్నేహితుడు దేవన్ తమిళుడే. దేవన్‌తో పొద్దస్తమానం తమిళంలోనే కబుర్లు. సాయంత్రమైతే తమిళ సీరియల్ ముందు కూర్చుని, అందులో కోడలు ఏడిస్తే తను కూడా తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటాడు. తమిళం మీద ప్రేమే. తనను తమిళుడంటేనే ఒళ్ళు మండుతుంది.

కూతురు మోహనప్రియ ఎక్కాలకంటే ముందు నేర్చుకున్నది ఈ ప్రసంగమే. బస్సులో విన్నది, బ్యాంకులో విన్నది. ఒకసారి పళ్ళ డాక్టరు మాటవరసకి "తమిళ సంవత్సరాదికి ఎక్కడికైనా వెళ్ళారా అంకుల్?" అని అడిగితే, నోట్లో గొట్టం ఉండగానే నాన్న వేలెత్తి గాలిలో ఆంధ్ర పటం గీయడం కళ్ళారా చూసింది. ఇంత విన్నా ఆ పిల్లకు అబ్బిన తెలుగు అంతంత మాత్రమే. వింటే అర్థమవుతుంది. మాట్లాడాల్సి వస్తే సగం తమిళం, సగం ఇంగ్లిష్ వేసి, అతుకులు కనపడకుండా చివర మలేసియా వాళ్ళ 'లా' తగిలించి నెట్టుకొస్తుంది. తెలుగు గురించి లోకానికి చెప్పే హడావిడిలో పడి ఇంట్లో పిల్లకు తెలుగు నేర్పడం మరిచిపోయాడని తల్లి శాంతాదేవి వీలైనప్పుడల్లా దెప్పుతూ ఉంటుంది.

ఈ వేలు ఒక పెళ్ళిసంబంధాన్ని కూడా మింగేసింది. బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి వచ్చిన మంచి సంబంధం. పెళ్ళివారు వడలు తింటున్నారు, పెద్దలు ముహూర్తాల దాకా వచ్చేశారు. పెళ్ళికొడుకు మేనమామ మంచి ఉత్సాహం మీదుండి, "తెలుగైతే ఏం, తమిళమైతే ఏం, ఎల్లాం ఒన్నుదాన్ లా!" అన్నాడు. అన్నీ ఒకటే అన్నమాట. పైడయ్య చేతిలో ఉన్న సగం వడ పళ్ళెంలో పెట్టేసి లేచి నిలబడ్డాడు. ఆ సంబంధం అక్కడితో సరి. అప్పుడు మోహనప్రియకు పెద్దగా బాధ కలగలేదు, ఎందుకంటే పెళ్ళికొడుకు మాట్లాడినంతసేపూ కార్ల టైర్ల గురించే మాట్లాడాడు.

కానీ ఇప్పుడు సంగతి వేరు. ఇప్పుడు తోమిస్లావ్ ఉన్నాడు.

మోహనప్రియ పోర్ట్ క్లాంగ్‌లో సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తుంది. తోమిస్లావ్ అదే రేవులో కంటైనర్లు ఎత్తే పెద్ద క్రేన్లు బాగుచేసే ఇంజనీరు. ఒకరోజు క్రేన్ మొరాయించి రేవంతా నిలిచిపోతే, అతను పైకెక్కి దాన్ని బాగుచేసి దిగేదాకా కింద గొడుగు పట్టుకుని అతన్ని తిట్టినది మోహనప్రియే. తిట్లలోంచి టీ, టీలోంచి సినిమా, అలా అలా పెళ్ళిదాకా వచ్చింది. నాన్నకు ఎలా చెప్పాలా అని ఎన్నో రాత్రులు నిద్ర మానుకుని, చివరికి ఓ ఆదివారం కాఫీ దగ్గర చెప్పేసింది.

"ఏటి పేరు?" అన్నాడు పైడయ్య.

"తోమిస్లావ్, నాన్నా."

"ఏ దేశమోడు?"

"క్రొయేషియా."

శాంతాదేవి గ్లాసు కింద పెట్టి మొగుడి మొహం చూసింది. పరదేశి అంటాడా, కులం అంటాడా, మతం అంటాడా అని తల్లీకూతుళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. పైడయ్య కాఫీ మొత్తం తాగి, మీసం తుడుచుకుని, ఒక్కటే అడిగాడు.

"మనం తెలుగోలమని ఆడికి తెలుసా?"

"ఫస్ట్ డేనే సెప్పేసినాను నాన్నా. మ్యాప్ కూడా గీసినాను."

పైడయ్య మొహం విచ్చుకుంది. "మరి ఆళ్ళమ్మకి?"

"ఆమెకి తోమి చెప్తాడు లా."

"సెప్పమను. ఆవిడొచ్చి మనల్ని తమిళోలంటే మాత్రం ఈ సంబంధం నేదు. ముందే సెప్పేస్తన్నాను, తరవాత నన్నేటీ అనొద్దు."

మోహనప్రియ ఆ రోజే తోమిస్లావ్‌కి ఫోన్ చేసి ప్రాధేయపడింది. అతను నవ్వి, "చెప్తాలే. కానీ మీవాళ్ళకి కూడా ఒక మాట చెప్పు. మా అమ్మను రష్యన్ అంటే కాస్త వేడెక్కుతుంది," అన్నాడు. కాస్తంటే ఎంత అని ఆమె అడగలేదు. నాన్న వేడి గురించిన దిగులులో ఇంకొకరి వేడి బుర్రకెక్కలేదు.

పైడయ్య మాత్రం ఆ రోజునుంచీ పెళ్ళికొడుక్కంటే హుషారుగా తిరిగాడు. వియ్యపురాలిని ఆమె పద్ధతిలో, ఆమె భాషలో ఆహ్వానించాలని పట్టుపట్టాడు. సలహాకు దేవన్ ఉండనే ఉన్నాడు. దేవన్ ఒకప్పుడు రేవులో ఆగిన ఓడలకు కూరలూ బియ్యం అందించినవాడు. దేశదేశాల నావికులతో బేరాలాడాడు కనుక ప్రపంచంలో తనకు తెలియని జాతి లేదని అతని నమ్మకం.

"క్రొయేషియానా?" అన్నాడు దేవన్, వరండాలో కాలుమీద కాలేసుకుని. "రష్యా, పోలండ్, బల్గేరియా, క్రొయేషియా, ఎల్లాం ఒన్నుదాన్ లా! మొత్తం స్లావోనిక్. బీట్‌రూట్ సూప్ తాగించు, రష్యా పాట పెట్టు. ఏడుస్తూ నిన్ను కౌగిలించుకుంటారు. నేను చూశానుగా."

ఎల్లాం ఒన్నుదాన్ లా. బ్రిక్‌ఫీల్డ్స్ సంబంధం ఏ మాట మీద చెడిందో సరిగ్గా ఆ మాటే. మోహనప్రియ గుమ్మంలో నిలబడి విన్నది, నాన్న లేస్తాడేమోనని చూసింది. నాన్న తలూపి, "అవును మరి. కుర్రోడి పేర్లోనే ఉన్నాది కదా స్లావ్ అని," అన్నాడు.

"నాన్నా, క్రొయేషియన్ అనాలి," అంది మోహనప్రియ.

"అది ఊరి పేరమ్మా. జాతి పేరు స్లావోనిక్. ఊరి పేరెట్టి పిలిస్తే ఏటి గౌరవం? జాతి పేరు పెద్దది. పెద్ద పేరుతో పిలవాల."

"అదీ ఇదీ సేమ్ కాదు నాన్నా. ప్లీస్ లా."

"నీకు తెల్దు. దేవన్ ఆళ్ళకి ఉల్లిపాయలమ్మినాడు."

ఉల్లిపాయలమ్మిన అనుభవం ముందు మోహనప్రియ మాట ఎక్కడ నిలుస్తుంది? ఆమె ఒక్కటి మాత్రం సాధించింది. వచ్చినావిడ కూర్చుని కాఫీ తాగేదాకా, ఏం జరిగినా సరే, వేలెత్తనని నాన్న చేత ఒట్టు వేయించుకుంది. పైడయ్య ఒట్టు వేశాడు, కానీ వేస్తున్నప్పుడు కుడిచేయి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే వీధి తలుపు తీసిన మోహనప్రియకు కళ్ళు తిరిగాయి. వరండాకు ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా బ్యానర్ కట్టి ఉంది. 'స్లావోనిక్ వియ్యాలవారికి స్వాగతం' అని తెలుగులో, కింద ఇంగ్లిష్‌లో, ఇంతింత అక్షరాలు. పక్కన బంతిపూల దండలు. స్పీకర్. లోపల వంటింట్లో దేవన్ తెల్లవారుజామునే తెచ్చి పెట్టిపోయిన బీట్‌రూట్ సూప్ గిన్నె. దాని పక్కనే, అచ్చు అలాంటి గిన్నెలోనే, దిష్టి తీయడానికి శాంతాదేవి పసుపులో సున్నం కలిపి పెట్టుకున్న ఎర్రనీళ్ళు. ఇంట్లో ఎక్కడ చూసినా ఎరుపే.

"ఇంకోటి ఉన్నాది," అన్నాడు పైడయ్య గర్వంగా. "స్లావోనిక్‌లో స్వాగతం నేర్సినాను. ఫోన్లో దొరికింది. ఇప్పటి భాష కాదు, ఆళ్ళ గుడి పుస్తకాల్లోది. పాత స్లావోనిక్. ఆ భాషలన్నిటికీ అది అమ్మమ్మ అంట. అమ్మమ్మ భాషలో మాట్లాడితే మనవరాళ్ళందరికీ తెలుస్తాది గదా?"

"ఏమని ఉంది అందులో? మీనింగ్ ఏటి?"

"గెడ్డం పెద్దాయన ఎంత బాగా పాడినాడో! స్వాగతం కాక మరేటవుతాది?"

మోహనప్రియ బ్యానర్ తీసేయడానికి స్టూలు కోసం పరుగెత్తింది. స్టూలు దొరికేలోపే గేటు ముందు కారు ఆగింది.

ముందు తోమిస్లావ్ దిగాడు. బ్యానర్ చూశాడు. అతని మొహం పాలిపోవడం మోహనప్రియకు గేటు ఇవతల్నించి కూడా కనపడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, కాస్త వేడెక్కుతుంది అని అతనన్న మాట.

వెనక తలుపు తీసుకుని నెవెంక దిగింది. పొడుగాటి మనిషి, పొట్టి తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. జాదర్ అనే సముద్రపు ఊళ్ళో, దీవులకు వెళ్ళే ఓడల టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగకాలమంతా కూర్చున్న మనిషి. ఎవరినీ వరస తప్పనివ్వనని ఆ మొహంలోనే రాసి ఉంది. ఆమె బ్యానర్ వైపు చూడలేదు. ఎన్ని రోజులు సాధన చేసిందో ఏమో, గేటు దాటి రెండు చేతులూ జోడించి, వీధి వీధంతా వినపడేలా అంది.

"వణక్కం!"

మోహనప్రియ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నాన్న కుడిచేయి జేబులోంచి బయటికొచ్చి ఉంది. చూపుడువేలు లేచింది. చొక్కా గుండీల దాకా వచ్చింది. అక్కడ ఒట్టు గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయింది. ఆయన మొహం వంటింట్లోని గిన్నెలతో పోటీపడింది. తోమిస్లావ్ మోహనప్రియ పక్కకు చేరి, "విమానాశ్రయం నుంచి దారిపొడుగునా తెలుగు, తెలుగు అని చెప్పాను. ఊ, ఊ అంది. ఈ వణక్కం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు," అని గొణిగాడు.

పైడయ్య ఆ కోపాన్ని మింగి, దానికి బదులు తన స్వాగతం బయటికి తీశాడు. కళ్ళు మూసుకుని, గొంతు పాతాళంలోకి దించి, గడ్డం పెద్దాయన పాడినట్టే రాగం తీస్తూ పాత స్లావోనిక్ అందుకున్నాడు.

నెవెంక నవ్వు మాయమైంది. ఆమె చటుక్కున గుండెలమీద శిలువ గుర్తు వేసుకుని, కొడుకు చెవిలో ఏదో అడిగింది.

"ఏమంటుంది?" అంది మోహనప్రియ.

"ఇంట్లో ఎవరు పోయారని అడుగుతోంది. అది చనిపోయినవాళ్ళ ఆత్మశాంతికి చదివే ప్రార్థన."

పైడయ్య రెండో చరణంలో ఉన్నాడు. ఆయన ఆగగానే శాంతాదేవి, రిహార్సల్ చేసిన ప్రకారం, ఫోన్ నొక్కింది. స్పీకర్లోంచి రష్యా సైనికుల బృందగానం గుప్పుమంది. ఆ ఊపులోనే ఆమె లోపలికెళ్ళి దిష్టి పళ్ళెంతో వచ్చింది. ఫోటోల్లో బాగుండదని పొద్దున్నుంచీ కళ్ళద్దాలు తీసేసి తిరుగుతోంది పాపం. తల్లీకొడుకుల్ని గుమ్మంలో నిలబెట్టి, పళ్ళెం మూడుసార్లు తిప్పి, వీధిలోకి వెళ్ళి ఆ ఎర్రటిదంతా భళ్ళున పారబోసింది. తిప్పేటప్పుడు పళ్ళెంలోంచి ఏదో చిన్న ముక్క జారి నెవెంక బూటుమీద పడింది.

నెవెంక వంగి దాన్ని తీసింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. వాసన చూసింది.

"త్సిక్లా," అంది.

"బీట్‌రూట్," అన్నాడు తోమిస్లావ్ నీరసంగా.

దిష్టి పళ్ళెంలో తిరిగింది సూప్ అయితే, సూప్ గిన్నెలో ఉన్నదేమిటి? మోహనప్రియ లోపలికి పరుగెత్తింది. భోజనాల బల్లమీద, గాజు కప్పులో, పైన ఒక చెంచా పెరుగుతో, సున్నం కలిపిన పసుపునీళ్ళు వియ్యపురాలి కోసం ముచ్చటగా ఎదురుచూస్తున్నాయి. వాటిని సింకులో పోసి, కప్పు కూడా కడిగి, తిరిగి వరండాలోకి వచ్చేసరికి జరగాల్సింది మొదలైపోయింది.

నెవెంక ఒక చేత్తో బీట్‌రూట్ ముక్క పట్టుకుని ఉంది. స్పీకర్ వైపు చూసింది. తలెత్తి బ్యానర్ చదివింది. అప్పుడు ఆమె రెండో చేయి లేచింది, చూపుడువేలు నిటారుగా నిలబడింది. ఇంగ్లిష్‌లోనే అంది, ప్రతి మాటనూ టిక్కెట్టు చింపినట్టు విడగొడుతూ.

"నేను, రష్యన్, కాదు."

"రష్యన్ అని ఎవరన్నారు? స్లావోనిక్ అన్నాను," అన్నాడు పైడయ్య.

"స్లావోనిక్ అనేది మనిషి పేరు కాదయ్యా, గుంపు పేరు!" ఆమె వేలితో గాలిలో ఒక పటం గీయడం మొదలుపెట్టింది. "ఇదిగో, ఇక్కడ రష్యా, ఈ మూలంతా వాళ్ళదే. ఇక్కడ పోలండు వాళ్ళు, చెక్ వాళ్ళు. ఇక్కడ బల్గేరియా. అందరి భాషలూ కలిపి స్లావోనిక్. ఇదిగో, కింద, సముద్రం ఒడ్డున, ఇక్కడ మేము! క్రొయేషియన్! మేం రొట్టెను క్రుహ్ అంటాం, రష్యన్లు హ్లెబ్ అంటారు. వాళ్ళ అక్షరాలు వేరు, మా అక్షరాలు వేరు. వేసవి వచ్చిందంటే చాలు, టిక్కెట్టు కొనే ప్రతివాడూ నా కిటికీలోకి తల దూర్చి రష్యన్లో నమస్కారం పెడతాడు. కౌంటర్ మూసేసి మరీ చెప్పాను వాళ్ళకి!"

మోహనప్రియ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ వేలు ఆమెకు తెలుసు. ఆ పటం తెలుసు. రొట్టె దగ్గర గొంతు పెరగడం, అక్షరాల దగ్గర కళ్ళు పెద్దవవడం, అన్నీ తెలుసు. దేశం మార్చి, మీసం తీసేసి, నాన్ననే ఎవరో తన ఇంటి వరండాలో నిలబెట్టినట్టుంది. తోమిస్లావ్ కేసి చూసింది. అతనూ పెదాలు కదుపుతున్నాడు, ఆ ప్రసంగం అతనికీ చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. తనూ అతనూ ఇన్నాళ్ళూ ఒకరినొకరు ఎందుకు ఇష్టపడ్డారో మోహనప్రియకు అప్పుడు కొంచెం అర్థమైంది. ఇద్దరిదీ ఒకే రకం ఇల్లు.

"నీకు తెలిసేలా చెప్తాను," అంది నెవెంక, మంచి ఉదాహరణ దొరికినందుకు సంతోషపడుతూ. "మిమ్మల్నే తీసుకో. మీ తమిళులనే..."

ఒట్టు గిట్టు గాలికి పోయింది.

"తమిళులం కాదు!" పైడయ్య వేలు ఆకాశంలోకి లేచింది. "తెలుగోలం! ఇదిగో, ఇది తమిళనాడు, ఇదిగో దానికి పైన..."

"ముందు నా పటం పూర్తికానీ!"

"మేం అన్నం అంటాం, ఆళ్ళు సోరు అంటారు..."

"క్రుహ్!"

"అన్నం!"

రెండు వేళ్ళు, రెండు పటాలు, ఒకే గాలిలో. శ్రీకాకుళం మీంచి పోలండు వెళ్ళింది, బల్గేరియా వచ్చి మద్రాసులో పడింది. స్పీకర్లో రష్యా సైనికులు గొంతు చించుకుంటున్నారు. పక్కింటి మలర్ గోడమీంచి తొంగిచూసి, ఇది పెళ్ళిమాటలో పోట్లాటో తేల్చుకోలేక అలాగే నిలబడిపోయింది. మోహనప్రియకు ఏడుపొచ్చింది. తన పెళ్ళి ఇలా, బీట్‌రూట్ వాసనతో, వీధిలో అందరూ చూస్తుండగా పోతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వెళ్ళి స్పీకర్ తీగ పీకేసింది.

పాట ఆగింది. ఇద్దరూ ఆయాసపడుతున్నారు. ఇద్దరి వేళ్ళూ ఇంకా పైనే ఉన్నాయి.

ముందు నెవెంకే వేలు దించింది. "ఆగు. అంటే మీరు తమిళులు కారా?"

"కాదు."

"వీడు తెలుగు, తెలుగు అంటుంటే మీ ఊరి పేరనుకున్నాను. మలేసియాలో భారతీయులు ఏమని పలకరిస్తారో నేనే వెతికి నేర్చుకున్నాను. వీడికి కూడా చెప్పలేదు, మిమ్మల్ని సంతోషపెడదామని."

పైడయ్య బ్యానర్ వైపు ఓసారి చూసి తల గోక్కున్నాడు. "నేను క్రొయేషియా అంటే ఊరి పేరనుకున్నాను," అన్నాడు.

ఇక్కడితో సరే అని ఒకరికొకరు చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళు పోయే చోటు ఇది. పైడయ్య ప్రసంగాలన్నీ ఇక్కడే ముగుస్తాయి. కానీ నెవెంక వెనక్కి నడవలేదు. అరుగుమీద కూర్చుని, బీట్‌రూట్ ముక్క పక్కన పెట్టి, "అయితే చెప్పు," అంది. "తెలుగుకీ తమిళానికీ అసలు చుట్టరికమే లేదా?"

పైడయ్య అలవాటుగా వేలెత్తబోయి దించేశాడు. ఈ ప్రశ్న ఆయన ప్రసంగంలో లేదు, ఎందుకంటే ఇంతవరకూ ఎవరూ ఆయనను అది అడగలేదు. రైల్లో అడగలేదు, బ్యాంకులో అడగలేదు. మోహనప్రియకు సిగ్గేసింది. తనూ అడగలేదు. పుట్టినప్పటినుంచీ ఆ ప్రసంగం విని, దాన్ని చూసి నవ్వి, స్నేహితులకు అభినయించి చూపించి, ఒక్కసారైనా నాన్న ఎదురుగా కూర్చుని అయితే చెప్పు అనలేదు.

"ఉంది," అన్నాడు పైడయ్య మెల్లిగా, ఆమె పక్కన కూర్చుంటూ. "చుట్టరికం ఉంది. రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి పేరు ద్రావిడం. కానీ ఇంటిపేరొకటీ, మనిషి పేరొకటీ కదా?"

"అదే కదా నేను చెప్పేది! స్లావోనిక్ ఇంటిపేరు. క్రొయేషియన్ నా పేరు. ఇంటిపేరు పెట్టి పిలిస్తే నన్నేనని ఎలా పలకను? అరడజను మంది ఒకేసారి పలుకుతారు." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? ఇందాకటి రష్యన్ పాట నాకు సగానికి సగం అర్థమైంది. మా ఊళ్ళో ఎవరికీ చెప్పకు."

"నాకు తమిళ సీరియల్ లేనిదే పొద్దుపోదు," అన్నాడు పైడయ్య, ఇంకా చిన్న గొంతుతో.

అప్పుడు నవ్వింది నెవెంక. నవ్వుతూనే వీధిలోకి చెయ్యి చూపించి, "ఆ సూప్‌ను నా తలచుట్టూ తిప్పి ఎందుకు పారబోశారు?" అని అడిగింది. దిష్టి గురించి, శాంతాదేవి కళ్ళద్దాల గురించి తోమిస్లావ్ చెప్పాక, "మంచి ఆచారం. ఆ సూప్‌కు అదే తగిన మర్యాద," అంది. శాంతాదేవి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

కాఫీలయ్యాయి. గుండ్రటి అక్షరాలు చూపించమంది నెవెంక. పైడయ్య ముగ్గుపిండి తెచ్చి, మోకాళ్ళమీద కూర్చుని, వరండా నేలమీద ఇంతింతగా 'నెవెంక' అని రాశాడు. నెవెంక అంటే వాళ్ళ భాషలో బంతిపూవు జాతి పూలపేరని ఆమె చెబితే, పక్కనే 'బంతి' అని కూడా రాశాడు. ఆమె రెండింటినీ ఫోటో తీసుకుంది. మోహనప్రియ కాసేపు చూసి, వచ్చి నాన్న పక్కన కూర్చుంది.

"నాన్నా, నా పేరు రాయి. స్లోగా. నేను నేర్చుకుంటాను."

పైడయ్య కూతురి మొహం చూడకుండా, ముగ్గుపిండి కంట్లో పడ్డట్టు కళ్ళు తుడుచుకుని, 'మో' మొదలుపెట్టాడు.

అది పూర్తికాకముందే గేటు ముందు దేవన్ స్కూటర్ ఆగింది. వెనక సీటుకు కట్టి ఇంకో గిన్నె. చాలకపోతుందేమోనని మళ్ళీ కాచి తెచ్చాడు. "ఎన్న పైడయ్యా, రష్యా వియ్యపురాలు వచ్చేసినారా? సూప్ నచ్చిందా?" అంటూ లోపలికొచ్చాడు.

"రష్యా కాదు దేవన్. క్రొయేషియా," అన్నాడు పైడయ్య.

"అట పోప్పా, ఊరుకోవయ్యా! రష్యా, క్రొయేషియా, ఎల్లాం ఒన్నుదాన్ లా. తెలుగు, తమిళ్ మాదిరి!"

"ఏమన్నాడు?" అంది నెవెంక.

పైడయ్య ఆ మాటను పొల్లు పోకుండా ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాడు. నెవెంక లేచి నిలబడింది. పైడయ్య లేచి నిలబడ్డాడు. రెండు చూపుడువేళ్ళు ఒకేసారి పైకి లేచాయి. దేవన్ గిన్నెను గుండెకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరు ముందు మొదలుపెట్టాలన్న చిక్కు వచ్చింది. తన ప్రసంగంలో ఒక్క ముక్క కూడా ఎవరికీ వదలని పైడయ్య, చేయి చాపి, ఆమెకు దారి ఇచ్చాడు.

"నువ్వు సెప్పు సెల్లెమ్మా."

శాంతాదేవి ఉలిక్కిపడి కూతురి చేయి పట్టుకుంది. మోహనప్రియకు ఆ చిన్న తెలుగుముక్కకు తర్జుమా అక్కరలేదు. పెళ్ళికొడుకు తల్లిని ఆడపిల్ల తండ్రి చెల్లెమ్మా అన్నాడంటే ఇంక మాట్లాడుకోవలసింది ముహూర్తం ఒక్కటే. ఆమె తోమిస్లావ్ చెవిలో చెప్పింది. అతను రేవులో క్రేన్ కదిలిన రోజున కూడా అంత గట్టిగా ఊపిరి వదల్లేదు.

నెవెంక దేవన్ ఎదుట నిలబడి గాలిలో పటం గీయడం మొదలుపెట్టింది. "ఇది తమిళనాడు. దీనికి పైన ఆంధ్ర. వీళ్ళు అన్నం అంటారు. వీళ్ళ అక్షరాలు గుండ్రం. చూడు, నా పేరు!" అంది నేలను చూపిస్తూ. శ్రీకాకుళాన్ని కాస్త సముద్రంలో పెట్టింది కానీ పైడయ్య పట్టించుకోలేదు. ఆయన తన వంతు అందుకున్నాడు. "సూడు దేవన్, స్లావోనిక్ అంటే ఇంటిపేరు. ఈవిడ క్రొయేషియన్. రొట్టెని క్రుహ్ అంటారు. సెప్పు, క్రుహ్!"

"క్రుహ్," అన్నాడు దేవన్ బెదిరిపోయి. అటు చూశాడు, ఇటు చూశాడు, చేతిలోని గిన్నె కేసి చూసుకున్నాడు. "అంతా సరే. మరి ఈ సూప్ ఏం చేయమంటావు?"

పైడయ్య వీధిలోకి వేలు చూపించాడు. "నీకు దిష్టి తీస్తాది మా శాంత. అలా నిలబడు."